బిగింపులోని కొలత

తమిళనాడు సరిహద్దున, పులికాటు సరస్సు చెంత ఉన్న తడ మీదుగా చెన్నై – కలకత్తా జాతీయ రహదారి పోతున్నది. రేయింబవళ్లు దానిపై సాగే బరువు లారీలలో టర్బో లేని డీజిలు ఇంజను నేడు అరుదు. తడకు సమీపాన శ్రీసిటీలో 2016లో ఆరంభమైన ఇసుజు కర్మాగారపు పికప్ బండ్లకు సైతం ఈ సాధనమే ఊపిరి.

వృథాగా పోవలసిన పొగచేత ఒక చక్రాన్ని త్రిప్పించి, అదే ఇరుసు రెండవ కొననున్న మరొక చక్రంతో గాలిని కుదించి ఇంజనులోనికి నెట్టడమే టర్బో చేసే పని. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో ఈ ఊహకు పేటెంటు పొందినాడు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగగలదు. పొగ వేడిమి ఆరేడు వందల డిగ్రీలు. ఇంతటి వేగాన్ని, వేడిని భరించే ఇరుసుకు ఆధారం పలుచని నూనె పొర మాత్రమే. ఆ నూనెను తెచ్చే గొట్టపు బోల్టు వదులైతే, కారిన నూనె కాగిన ఇనుముపై పడి నిప్పంటుకొనవచ్చును. అప్పుడు ముప్పు ఇంజనుకే కాదు, డ్రైవరు ప్రాణానికి.

అట్లని బలమంతా పెట్టి బిగిస్తే మేలా? బోల్టు ఒక విధమైన స్ప్రింగు. బిగించినకొద్దీ వెంట్రుకవాసి సాగి, వెనుకకు లాగుతూ రెండు భాగాలను అదిమి పడుతుంది. హద్దు మీరి సాగితే మరల యథాస్థితికి రాదు. మరలు చెడుతాయి, లేదా బోల్టే తెగుతుంది. మనం వినియోగించే బలంలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు రాపిడికే ఖర్చవుతుంది. కనుకనే పొడి మరలకు చెప్పిన కొలతను నూనె పూసిన మరలకు వాడరాదు. రాపిడి తగ్గి బోల్టు మితిమీరి సాగుతుంది.

అనుభవజ్ఞుడి చేతికి కొలత యెందుకని కొందరంటారు. చేయి అలసిపోతుంది, స్పానరు రెండింతలు పొడవైతే అదే బలం రెండింతల మెలి అవుతుంది. టార్కు రెంచికి ఈ రెండు దోషాలు లేవు. తయారీదారు చెప్పిన అంకెకు ఒకేసారి పోక, రెండు మూడు విడతలుగా, ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి బిగించవలె. అప్పుడే గ్యాస్కెట్టు అంతటా సమంగా నొక్కుకొంటుంది. గొట్టాలన్నీ ఒద్దికగా అమరేవరకు తుది బిగింపు చేయరాదు. నూనె గొట్టానికి రాగి వాషర్లు క్రొత్తవి వేయవలె. ఇంజను నడిపే ముందు టర్బోలో శుభ్రమైన నూనె పోయవలె. కొన్ని టర్బోలలో గాలి చక్రపు నట్టుకు ఎడమ మర ఉంటుంది. అది తెలియక వదులు చేయబోయినవాడు మరింత బిగిస్తాడు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. బల్లకు బిగించిన నట్టుకు స్పానరు తొడిగి, నట్టు నడిమి నుండి 25 సెంటీమీటర్ల దూరాన స్ప్రింగు త్రాసు తగిలించి లంబంగా లాగండి. త్రాసు 10 కిలోలు చూపినప్పుడు మెలి సుమారు 25 న్యూటన్ మీటర్లు. పుస్తకంలో బల భ్రామకమని వల్లించిన పాఠం ఇదే. రేపు షెడ్డులో స్పానరు పట్టబోయే పిల్లవానికి ఆ అంకె అర్థమైతే, వాడు బిగించిన లారీని నమ్మి ఒకరు రాత్రంతా ప్రయాణం చేయగలుగుతారు.