నదిలో ప్లాస్టిక్ – నేల వినియోగం: దిగువ కృష్ణా డెల్టా నేర్పే పాఠం

నదుల ద్వారా సముద్రానికి చేరే ప్లాస్టిక్‌కు కొద్ది మహానదులే కారణమని ఒకప్పుడు భావించేవారు. 2021లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వెలువడిన పరిశోధన ఈ అభిప్రాయాన్ని మార్చింది. ఏటా 8 నుంచి 27 లక్షల టన్నుల ప్లాస్టిక్ ఈ మార్గంలో సముద్రంలో కలుస్తున్నదని, అందులో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తున్నదని, పట్టణాల గుండా పారే చిన్న ప్రవాహాల పాత్ర అధికమని ఆ పరిశోధన అంచనా వేసింది. వర్షపాతం, వాలు, నీటికి గల దూరంతోపాటు నేల వినియోగాన్నీ అందులో లెక్కించారు. దిగువ కృష్ణా డెల్టాను ఈ దృష్టితో చూడవలసి ఉంది.

నీరు నడిచే దారి

ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరే బందరు, రైవస్, ఏలూరు కాలువలు విజయవాడ నగరం మధ్యగా సాగుతాయి. నగర వ్యర్థం తొలి మజిలీలోనే వాటిలో చేరుతుంది. అక్కడి నుంచి పంట కాలువ, పిల్ల కాలువ, బోదె, పొలం, చివరకు మురుగు కాలువ – ఇదీ నీటి వరుస. అందువల్ల డెల్టాలో ప్లాస్టిక్ సముద్రాన్ని చేరకముందే పొలాలను తాకుతుంది.

నేలను బట్టి వ్యర్థం

గుడివాడ ప్రాంతంలో పట్టణం, వరి మాగాణి, చేపల చెరువు పక్కపక్కనే ఉంటాయి. పట్టణం నుంచి పలుచని సంచులు, పొలం నుంచి పురుగుమందు డబ్బాలు, చెరువు గట్ల నుంచి మేత సంచులు, పాత వలలు ఒకే మురుగు కాలువలో కలుస్తాయి. మచిలీపట్నం వద్ద గిలకలదిండి రేవు పరిసరాల్లో నైలాను వలల ముక్కలు, తాళ్లు వీటికి తోడవుతాయి. పులిగడ్డ వద్ద చీలిన కృష్ణ పాయల మధ్యనున్న దివిసీమకు ఎగువ వ్యర్థం వరదతో వస్తుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు సాగింది. అంతటి ప్రవాహం గట్లపై నిలిచిన చెత్తనంతా కదిలిస్తుంది. తీరంలోని మడ చెట్ల శ్వాస వేర్లు దానిని పట్టి నిలుపుతాయి. ప్లాస్టిక్ పొర కప్పిన చోట ఆ వేర్లకు గాలి అందదు.

నష్టపోయేది శివారు రైతు

మురుగు కాలువలో గుర్రపు డెక్కకు ప్లాస్టిక్ తోడైతే తూములు మూసుకుపోతాయి. తుఫాను వానలకు కోత దశలోని వరి నీట మునిగినప్పుడు మురుగు ఒక్కరోజు ఆలస్యంగా దిగినా గింజ మొలకెత్తే ప్రమాదం పెరుగుతుంది. పారవేసేది ఒకరు, నష్టపోయేది మరొకరు. అందుచేత ఒక గ్రామంలో మాత్రమే చేసే ప్రచారం చాలదు. ఒకే మురుగు కాలువపై ఆధారపడిన గ్రామాలన్నింటినీ ఒక ప్రమాణంగా తీసుకోవాలి.

విస్తరణ కర్తవ్యం

• మందు కలిపేటప్పుడే ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోయించాలి. ఖాళీ డబ్బాలను బయట వదలరాదని 1971 నాటి పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి.
• గట్లపై సంచులు, వలలు తొలగించిన తరువాతే చెరువు నీటిని బయటకు వదలాలి.
• కాలువలకు నీరు విడుదల కాకముందే తూముల వద్ద పోగును తీయించాలి. తీసిన చెత్తను గట్టుపైనే వదిలితే తొలి వానకు తిరిగి నీటిలో చేరుతుంది.
• గ్రామీణ పని అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు మురుగు కాలువ వెంట వ్యర్థాన్ని రకాలవారీగా లెక్కించి, పక్కనున్న నేల వినియోగంతో కలిపి పటంలో గుర్తించాలి. తొలకరికి ముందు, తుఫాను తరువాత రెండుసార్లు ఈ లెక్క తీస్తే ఏ వ్యర్థాన్ని ఎక్కడ ఆపవచ్చునో తెలుస్తుంది.

ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం, మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం ఈ డెల్టాలోనే ఉన్నాయి. సముద్ర తీరంలో ఏరే చెత్త కంటే బోదె మొదట ఆపిన చెత్తే రైతుకు, మడ అడవికి ఎక్కువ మేలు చేస్తుంది.