రిపోర్టులన్నీ నార్మల్, మోషన్ మాత్రం కాదు

మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి మలబద్ధకంతో బాధపడుతున్నారా? రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్, కొలనోస్కోపీ అన్నీ చేయించినా 'ఏమీ లేదు' అన్నారా? అప్పుడు చాలా ఇళ్ళలో వినిపించే మాట, "అంతా నీ మనసులోనే ఉంది" అని. దయచేసి ఆ మాట అనకండి. ఆ స్కానింగులు పేగు ఆకారాన్ని చూపుతాయి. పేగు కదలిక వాటిలో తెలియదు. కాలువ గట్లు బాగున్నంత మాత్రాన శివారు పొలానికి నీరు అందుతోందని కాదు కదా!

ఆ కదలికను చూసే పరీక్షల్లో ఒకటి న్యూక్లియర్ స్కాన్. కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపిన నీరు గానీ ఆహారం గానీ రోగికి ఇస్తారు. తరువాత 24, 48, 72 గంటలకు గామా కెమెరా కింద పడుకోబెట్టి, అది పెద్దపేగులో ఎంతవరకు వెళ్ళిందో ఫోటోలు తీస్తారు. సూది గుచ్చడం, గొట్టం వేయడం ఉండవు. ఎముకల స్కాన్‌కు వాడే టెక్నీషియం 6 గంటలకే సగమైపోతుంది. పెద్దపేగు ప్రయాణం రోజుల మీద జరిగేది కనుక దాదాపు 3 రోజులకు సగమయ్యే ఇండియం-111 లేదా గాలియం-67 వాడతారు.

ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుంది. మందు పెద్దపేగు పొడవునా ఎక్కడిదక్కడే ఉండిపోతే పేగే మందకొడిగా ఉందన్నమాట. దానికి మందులతో వైద్యం చేస్తారు. చివరిదాకా వచ్చి అక్కడ ఆగిపోతే, కాలువ నిండుగానే ఉంది, తూము తెరుచుకోవడం లేదు. ముక్కేటప్పుడు వదులు కావలసిన కండరాలు బిగుసుకుపోతున్నాయేమోనని మానోమెట్రీ చేసి చూస్తారు. నిజమైతే బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణతో చాలామందికి మేలు జరుగుతుంది. వీరికి భేదిమందు ఎంత పెంచినా పెద్దగా లాభం ఉండదు. పెద్దపేగు తీసే ఆపరేషన్ చేయాలని ఎవరైనా చెబితే, ఈ రెండు విషయాలూ పరీక్షించారా అని తప్పక అడగండి.

అయితే ఇది మొదట చేయించే పరీక్ష కాదు. థైరాయిడ్, షుగర్, కాల్షియం ముందు చూడాలి. ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు, కొన్ని బి.పి. మందులు కూడా మలబద్ధకం తెస్తాయి. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, 50 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం ఉంటే కొలనోస్కోపీ ఆలస్యం చేయకండి. ఖర్చు తక్కువ దారి మరొకటి ఉంది. చిన్న చిన్న రింగులున్న గొట్టం మాత్ర మింగించి 5వ రోజున మామూలు ఎక్స్‌రే తీస్తారు. 24 రింగుల్లో 5 కంటే ఎక్కువ మిగిలితే కదలిక నెమ్మదిగా ఉన్నట్టు. మీ డాక్టరుగారిని ముందు దీని గురించే అడగండి.

వేలూరు సి.ఎం.సి., హైదరాబాదు నిమ్స్, తిరుపతి స్విమ్స్‌లలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. అన్నిచోట్లా ఈ ప్రత్యేక పరీక్ష చేయరు కనుక ఫోన్ చేసి కనుక్కున్నాకే రైలెక్కండి. మందును రోగి కోసం ముందుగా తెప్పించాలి. ఇచ్చిన తేదీకి వెళ్ళకపోతే అది వృథా అవుతుంది. అడ్మిట్ కానవసరం లేదు గానీ మూడు నాలుగు రోజులు బసకు సిద్ధపడండి.

రేడియేషన్ అంటే భయం సహజమే. ఇందులో తగిలేది సాధారణంగా పొట్ట సి.టి. స్కాన్‌లో కంటే ఎక్కువ కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. పరీక్షకు ముందు భేదిమందులు, సునాముఖి, ఆముదం ఎన్ని రోజులు ఆపాలో అడిగి తెలుసుకోండి. పాత రిపోర్టులతో పాటు వాడుతున్న మందుల చీటీలన్నీ, ఆకు మందులతో సహా రాసుకుని, వెంట తీసుకువెళ్ళండి.