కథ ఆపేవాడేడీ?

రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే రీచార్జి ప్యాకులో కొత్త కోటా మొదలయ్యేది అర్ధరాత్రి పన్నెండింటికి. అంటే పల్నాడులోని బొల్లాపల్లిలో మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళకు ఫోనుకు కొత్త ఊపిరి వస్తుందన్నమాట. పక్క గదిలో పెద్దవాళ్లు గురక పెడుతుంటారు. ఇక్కడ దుప్పట్లో వెలుగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆరో ఎపిసోడ్ చివర ఎస్సై తలుపు తీస్తాడు, లోపల ఎవరున్నారో చూపించకుండానే తెర నల్లబడుతుంది. మూలన అంకెలు తగ్గుతుంటాయి: ఐదు, నాలుగు, మూడు. వేలు కదపనక్కర్లేదు, ఏడోది దానంతటదే మొదలైపోతుంది. మిరప కోతల రోజులైతే తెల్లారేసరికి కూలీల ఆటో వీధిలో హారన్ కొడుతూ ఉంటుంది.

‘ఈ కాలం పిల్లలకు అదుపు లేదు’ అని పెద్దలు తిడతారు. అయితే కథ కోసం నిద్ర మానుకోవడం పల్నాటికి కొత్తేం కాదు. బొల్లాపల్లికి ఉత్తరాన ఉన్న కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: ఒక్కో రోజుకు ఒక్కో పేరు. ఐదు ఎపిసోడ్ల సిరీస్‌కు ఇంతకంటే మంచి శీర్షికలు దొరకవు. వీరవిద్యావంతులనే కథకులు కత్తి చేతబట్టి పల్నాటి వీరుల కథ చెబుతుంటే జనం రాత్రిళ్లు కూర్చుని విన్నారు. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1974లో అలిశెట్టి గాలెయ్య అనే కథకుడి నోట ఈ కథను రికార్డు చేసి, 1982లో ఇంగ్లిషులో పుస్తకంగా తెచ్చాడు. కథలోని యువవీరుడు బాలచంద్రుడు చనిపోతాడని వినేవాళ్లందరికీ ముందే తెలుసు. అయినా లేచి వెళ్లరు.

ఆ పట్టు ఎక్కడిది? సగంలో ఆగిన పని మనసును వదలదని 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త రాసింది. తర్వాతి ప్రయోగాలన్నీ ఆమె మాటను ఒకే తీరున బలపరచలేదు గానీ, కథలు అల్లేవాళ్లు మాత్రం ఏ ప్రయోగం అక్కర్లేకుండానే ఆ కిటుకు కనిపెట్టారు. వారపత్రికల సీరియల్ నవలలన్నీ సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోటే ఆగేవి.

ఆగేవి. అసలు సంగతంతా అక్కడే ఉంది. కథకుడికి గొంతు పోతుంది, తెల్లారితే వినేవాళ్లు చేలకు పోవాలి. వారపత్రిక మళ్లీ వారానికి గానీ రాదు. టీవీ సీరియల్ అరగంటలో ముగిసి, తర్వాతి కథ రేపటికి పడుతుంది. పట్టుతో పాటు విడుపు కూడా కథలోనే ఉండేది. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ పదమూడు ఎపిసోడ్లనూ ఒకేసారి విడుదల చేసింది. మన దగ్గర 2016లో జియో వచ్చాక డేటా చవకైంది, 2020లో తెలుగుకే ప్రత్యేకంగా ఆహా అనే ఓటీటీ వచ్చింది. పట్టు మిగిలింది, విడుపు పోయింది. తమ పోటీ నిద్రతోనేనని నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లో దాపరికం లేకుండానే అన్నాడు.

నిద్ర చెడితే అందరూ తెర వెలుగును తిడతారు. వెలుగుకూ కొంత పాత్ర ఉంది, అది నిద్రను పిలిచే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. అయితే అమెరికాలో పన్నెండు మందిపై జరిగిన ఒక ప్రయోగంలో, పడుకునే ముందు నాలుగు గంటలు ట్యాబ్లెట్‌లో చదివినవాళ్లకు, అచ్చు పుస్తకం చదివినప్పటికంటే నిద్ర పట్టడం సగటున పది నిమిషాలే ఆలస్యమైంది. నిద్రను దోచే పెద్ద దొంగ కథే. 423 మంది యువతను అడిగి చేసిన 2017 నాటి మరో అధ్యయనంలో, వరసగా ఎపిసోడ్లు చూడటానికి, నిద్ర సరిగా పట్టకపోవడంతోనూ, పడుకున్నాక కూడా బుర్ర చల్లబడకపోవడంతోనూ సంబంధం కనిపించింది. ఒళ్లు మంచం మీద ఉంటుంది, మనసు ఇంకా ఆ హంతకుడి వెంటే పరుగెడుతుంటుంది.

దీనికి తోడు ఇంకో చిక్కు. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరులాగే దిగజారుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన దేశంలో బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. పొద్దున ఆరింటికి లేచినవాళ్లకు రాత్రి పదకొండుకే పదిహేడు గంటలు నిండుతాయి. ఒంటిగంటకు ‘ఇంకొక్కటి చూసి పడుకుంటా’ అని తీర్పు చెప్పేది ఆ అలసిన బుర్రే. దాన్ని నమ్ముకుని లాభం లేదు.

కాబట్టి విడుపును మనమే ఏర్పాటు చేసుకోవాలి. సెట్టింగుల్లో ఆటోప్లే ఆపేస్తే తర్వాతి ఎపిసోడ్ మనం నొక్కితే గానీ రాదు. ఎన్ని చూడాలో అన్నం తినేటప్పుడే అనుకోవాలి. ఎపిసోడ్ చివర ఆపబోతే ఓడిపోతాం, గాలం వేసి ఉంచేది అక్కడే. ఆ ముడి సాధారణంగా తర్వాతి ఎపిసోడ్ మొదట్లో విడిపోతుంది, కొత్త ముడి ఇంకా పడదు. నింపాదిగా సాగే ఆ నడిమి భాగంలో ఆపేయడం తేలిక.

అన్నిటికంటే మంచి ఉపాయం, హాల్లో టీవీ పెట్టుకుని నలుగురితో కలిసి చూడటం. ఎవరో ఒకరు ఆవులిస్తారు, ‘పొద్దున్నే పనికి పోవాల, ఇంక కట్టెయ్యండి’ అంటారు. విసుక్కుంటూనే లేస్తాం. ఒంటరిగా చూసేటప్పుడు ఆ మాట అనే మనిషే ఉండడు.