కుక్క మొరిగింది సరే, దొంగెవరు?

పసుపు దీపం వెలగగానే కారు ఆపేయాలా తాతయ్యా అని అడిగావు కదూ అమ్మలూ. అక్కర్లేదమ్మా. ఇంజన్ బొమ్మ దీపం నిలకడగా వెలుగుతుంటే, బండి మామూలుగా నడుస్తుంటే, నిదానంగా షెడ్డు దాకా తీసుకెళ్లొచ్చు. అదే దీపం టపటపా కొట్టుకుంటుంటే మాత్రం యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, వీలైనంత త్వరగా బండి పక్కకి పెట్టాలి. ఇక నూనె డబ్బా బొమ్మతో ఎర్ర దీపం వెలిగిందా, మరో మాట లేదు, అక్కడికక్కడే ఇంజన్ కట్టేయాలి. ఆయిల్ ప్రెషర్ లేకుండా తిరిగితే బేరింగులు నిమిషాల్లో పాడైపోతాయి. కారు నడిపేవాళ్లకి ఈ మూడూ తెలిస్తే చాలు. కానీ నీకు ఎందుకన్నది కూడా కావాలి కదా. ఒరేయ్ చిన్నా, నువ్వూ ఇలా వచ్చి కూర్చో.

ఈ పసుపు దీపం పుట్టింది మెకానిక్కుల కోసం కాదు, మన ఊపిరితిత్తుల కోసం. 1940లలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ మీద కళ్లు మండించే పొగ కమ్ముకునేది. అదెక్కడిదో ఎవరికీ అంతుబట్టలేదు. అక్కడి కాల్‌టెక్‌లో ఆరీ హాగెన్-స్మిట్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. అనాసపండుకి ఆ వాసన దేనివల్ల వస్తుందో పరిశోధించడం ఆయన పని! వాసనల్ని చల్లబరిచి పట్టుకునే ఆ విద్యతోనే ఊళ్లో గాలినీ పట్టి చూశాడు. కార్ల పొగలో మిగిలిపోయిన పెట్రోలు ఆవిర్లూ, నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండ తగిలి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950లలో తేల్చాడు. అనాసపండుతో మొదలైన చదువు ఎక్కడికి తీసుకెళ్లిందో చూశారా! ఆ ఎరుక పెరిగి పెరిగి, 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నీ తమ పొగను తామే కనిపెట్టుకుని, తేడా వస్తే దీపం వెలిగించాలన్న నిబంధన దాకా వచ్చింది. మన దేశంలోనూ ఆ ఏర్పాటు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలయ్యాక ఇంకా గట్టిపడింది. స్టీరింగ్ దగ్గర డాష్‌బోర్డు అడుగున తడిమితే పదహారు పిన్నుల సాకెట్ ఒకటి చేతికి తగులుతుంది. కారు కంప్యూటర్ మాట చదివే స్కానర్ గుచ్చేది దానికే.

గుచ్చితే ఒక అక్షరం, నాలుగు అంకెలున్న కోడు వస్తుంది. పీ0171 అనుకోండి. పీ అంటే ఇంజన్, గేర్‌బాక్సుల వ్యవహారం. తర్వాతి సున్నా అంటే ఏ కంపెనీ కారుకైనా అర్థం ఒకటేనని. ఆ తర్వాతి 1 అంటే గాలి, పెట్రోలు లెక్క. అక్కడ 3 ఉంటే సిలిండర్ మండకపోవడం, అంటే మిస్‌ఫైర్ గొడవ, 4 ఉంటే పొగ శుద్ధి గొడవ. మొత్తం కలిపి పీ0171 అంటే, "పెట్రోలు చాలడం లేదు, గాలి ఎక్కువైపోయింది" అని ఆక్సిజన్ సెన్సర్ మాట విని కంప్యూటర్ రాసుకున్న ఫిర్యాదు.

ఇక్కడే జనం డబ్బు పోగొట్టుకుంటారు. ఫిర్యాదు చేసింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి అదే పోయిందనుకుని కొత్తది వేయించేస్తారు. వారం తిరక్కుండా దీపం మళ్లీ ప్రత్యక్షం! అర్ధరాత్రి కుక్క మొరిగితే దొంగ కోసం వెతుకుతామా, కుక్కని మార్చేస్తామా? కోడు అన్నది మొరుగుడు మాత్రమే. దొంగెవరో మనమే వెతకాలి.

ఆ సెన్సర్ ఏం చేస్తుందో కొంచెం దగ్గర్నుంచి చూద్దాం. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. అంటే ఒక లీటరు పెట్రోలు దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలిని మింగుతుంది. ఈ పాళ్లు కుదిరిందీ లేనిదీ తెలియడానికి పొగగొట్టంలో బొటనవేలంత సెన్సర్ బిగిస్తారు. లోపల జిర్కోనియా అనే పింగాణీ, దానికి రెండు వైపులా పల్చటి ప్లాటినం పూత. ఒక వైపు పొగ, ఇంకో వైపు బయటి గాలి. దాదాపు 300 డిగ్రీల వేడి దాటితే గానీ అది పని మొదలుపెట్టదు. రెండు వైపులా ఆక్సిజన్‌లో తేడా ఉంటే దానంతటదే కరెంటు పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగల్లేదంటే 0.9 వోల్టుల దాకా ఎక్కుతుంది, మిగిలిందంటే 0.1కి పడిపోతుంది. దీన్ని బాష్ కంపెనీ తయారుచేస్తే, 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వాడారు. ఇప్పటి కార్లలో ఇంకా సూక్ష్మంగా కొలిచేవి వచ్చినా మూలసూత్రం అదే.

సెన్సర్ మాట విని కంప్యూటర్ పెట్రోలు పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో శాతాల్లో స్కానర్ మీద కనిపిస్తుంది. దాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఐదూ పదీ అటూ ఇటూ ఉంటే దిగులు పడక్కర్లేదు. పాతికకి చేరువైందంటే ఇక నా వల్ల కాదని దీపం వెలిగిస్తుంది. నా మట్టుకు నాకు స్కానర్‌లో కోడు కన్నా ఈ ట్రిమ్ అంకే ముఖ్యం. కోడు ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. ట్రిమ్ మాత్రం మనం అడిగిన ప్రతిసారీ జవాబు చెబుతుంది.

ఎలా అడగాలంటే, ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒకసారి, 2500 ఆర్పీఎంకి రేస్ చేసి ఒకసారి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ దాటగానే గాలిని తూచే మీటరున్న ఇంజన్ అనుకోండి. ఆ మీటరు దాటాక ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లింది. లెక్కలోకి రాని దొంగగాలి సెకనుకి 0.4 గ్రాము లోపలికి జొరబడుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చేదే సెకనుకి 2 గ్రాములైతే, దాని మీద ఇది 20 శాతం. ట్రిమ్ 20 చూపిస్తుంది. రేస్ చేస్తే ఇంజన్ 10 గ్రాములు పీలుస్తుంది. అదే చిల్లు, అదే దొంగగాలి, కానీ ఇప్పుడు 4 శాతమే! ట్రిమ్ దిగిపోతుంది. ఐడ్లింగ్‌లో ఎక్కువ, రేస్ చేస్తే తక్కువ అంటే గొట్టాల్లో చిల్లు వెతకాలి. దానికి భిన్నంగా, ఐడ్లింగ్‌లో బాగానే ఉండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రిమ్ పెరిగిపోతుంటే పెట్రోలు పంపు నీరసించిందేమో, ఫిల్టర్ మూసుకుందేమో చూడాలి. చిల్లు కంటికి కనిపించకపోతే మంచి షెడ్డుల్లో గొట్టాల్లోకి పొగ పంపిస్తారు. చిట్లిన చోట సన్నటి పొగ తీగ బయటికొస్తుంది. కొందరు వేడి ఇంజన్ మీద మండే స్ప్రే కొట్టి వెతుకుతారు. అది నిప్పుతో చెలగాటం, వద్దనే చెబుతాను.

ఇంకో మాట. ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తనలోనే కొంత ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి గ్రాముకి 9 గ్రాముల గాలే చాలు. అంటే అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ ఇంధనం పొయ్యాలి. ఈ పెట్రోలు కోసం తయారుకాని పాత కారులో ట్రిమ్ నాలుగైదు పెరిగితే అది జబ్బు కాదు, తిండి మారిందంతే.

ఇక టపటపా కొట్టుకునే దీపం సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్పీఎంలో సెకనుకి వందసార్లు మండుతుంది. అందులో ఒక్కటి తప్పినా కంప్యూటర్‌కి తెలిసిపోతుంది! క్రాంక్‌షాఫ్టుకి పళ్ల చక్రం ఉంటుంది. చాలా కార్లలో 58 పళ్లు, రెండు పళ్లు కావాలనే వదిలేసిన ఖాళీ. సిలిండర్ మండినప్పుడల్లా చక్రానికి తోపు పడుతుంది. మండకపోతే ఆ క్షణాన పళ్లు రావలసిన దానికన్నా రవ్వంత ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యాన్ని కొలిచి ఏ సిలిండరో కూడా చెప్పేస్తుంది: పీ0301 అంటే ఒకటోది, పీ0302 అంటే రెండోది. మండని పెట్రోలు నేరుగా పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ పింగాణీ దిమ్మ వేడికి కరిగిపోగలదు. అందుకే దీపం టపటపా కొట్టుకునే ఆ హడావిడి.

మిస్‌ఫైర్‌లో దొంగని పట్టడానికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. పీ0301 వచ్చిందనుకోండి. ఇంజన్ కట్టేసి, చల్లారాక, ఒకటో సిలిండర్ ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ తీసి రెండోదానికి, రెండోది ఒకటోదానికి మారుస్తారు. మళ్లీ నడిపితే పీ0302 వచ్చిందా, కాయిల్‌తో పాటు జబ్బూ నడిచొచ్చింది, కాయిలే దోషి. ఇంకా పీ0301 అనే అంటోందా, కాయిల్ నిర్దోషి, ఇప్పుడు ప్లగ్గు మార్చి చూడాలి. తర్వాత ఇంజెక్టర్, ఆఖరికి కంప్రెషన్. ఒక్కసారికి ఒక్కటే మార్చాలిరా చిన్నా. నాలుగూ ఒకేసారి మారిస్తే బండి బాగుపడొచ్చు గానీ, దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలీదు.

షెడ్డుకి వెళ్లేముందు బ్యాటరీ వైరు పీకి దీపం ఆర్పేయొద్దు. కోడు పడిన క్షణాన స్పీడెంత, వేడెంత, ఇంజన్ మీద బరువెంత అన్నవన్నీ కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్‌లో దాచిపెడుతుంది. చెరిపేస్తే ఆ సాక్ష్యమంతా పోతుంది. రిపేరు నిజంగా కుదిరితే, తప్పులేని ప్రయాణాలు మూడు పూర్తయ్యాక చాలా కార్లలో దీపం దానంతటదే ఆరుతుంది. స్కానర్‌తో చెరిపితే మాత్రం రిపేరు కాకపోయినా ఆరుతుంది. కాబట్టి బండి తిరిగి తీసుకునేటప్పుడు దీపం ఆరిందా అని కాదమ్మలూ, ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎంత వస్తోందని అడగాలి. మూడో నాలుగో అంటే పని జరిగినట్టే. ఇంకా పద్దెనిమిది దగ్గరే ఉంటే, డబ్బు లెక్కపెట్టకముందే బానెట్ మళ్లీ ఎత్తించాలి.