కరెంటు కారు చిన్న రైతుకు గిట్టేనా?

కంది అమ్మిన డబ్బుతో కరెంటు కారు తీసుకుందామనుకునే తాండూరు, వికారాబాద్ రైతులు ముందుగా నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో లెక్క చూసుకోవాలి.

2023లో వచ్చిన ఎంజీ కామెట్‌నే తీసుకుందాం. బ్యాటరీ 17.3 యూనిట్లది. ఒకసారి నింపితే 230 కిలోమీటర్లని కంపెనీ మాట. మనం 150 అనుకుంటేనే మేలు. తాండూరు నుంచి వికారాబాద్ పోయి రావడానికి బెంగ లేదు. హైదరాబాద్ అయితే ఒకవైపే వంద దాటుతుంది, అక్కడ ఛార్జింగ్ పెట్టాల్సిందే.

వృథా కలుపుకొని 20 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు రూపాయి పైచిలుకే. పెట్రోలు కారుకు ఆరు దాకా అవుతుంది. అయితే కొనేటప్పుడు చిన్న పెట్రోలు కారు కంటే 3 లక్షలు ఎక్కువ పెట్టారనుకోండి, అది రాబట్టడానికి 60 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజూ 50 తిరిగే వారికి మూడున్నరేళ్లలోపే తీరుతుంది. నెలకు 300 తిరిగే వారికి పదహారేళ్లు దాటుతుంది! అప్పటిదాకా బ్యాటరీ ఉండొద్దూ?

ఇంకో మెలిక ఉంది. 2024లో మొదలైన గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఇంట్లో 150 వాడేవారు నెలకు మూడుసార్లు కారు నింపితే 210 అవుతుంది, మొత్తం బిల్లు మీద పడుతుంది. బోరు కాడి ఉచిత కరెంటు సాగుకే గాని కారుకు కాదు.

చక్రాలు 12 అంగుళాలవి. నాపరాయి లారీలు తొక్కిన గుంతల్లో జర నెమ్మదిగా పోవాలి. ఎరువు బస్తా వేయాలంటే వెనుక సీటు మడవాలి.

కొనదలిస్తే ముందు ఇంట్లో వైరింగు చూపించి, 15 ఆంపియర్ల ప్లగ్గు, గట్టి ఎర్తింగు వేయించుకోండి. మామూలు ఛార్జరుతో నిండడానికి ఏడు గంటలు పడుతుంది, రాత్రి పెడితే తెల్లారేసరికి సిద్ధం.