నూట ముప్ఫై పలకరింపులు!

ఒకే గదిలో నలుగురు స్నేహితులు. నలుగురూ బిడియస్తులే, ఎవరికీ జోడీ లేదు. ‘ఇలాగైతే లాభం లేదు, మారాల్సిందే’ అనుకుంటారు. ఒకరు జిమ్‌లో చేరతారు. ఒకరు హెయిర్‌స్టైల్‌ మారుస్తారు. ఇంకొకరు స్పోకెన్‌ ఇంగ్లిష్‌ క్లాసులకు పరిగెడతారు. కొత్త చొక్కా, కొత్త బూట్లు, పక్కవాడి సెంటు... తీరా నచ్చిన అమ్మాయి ఎదురైతే పాత కథే. గొంతు తడారిపోతుంది!

మరి మార్చుకోవాల్సింది వేషాన్నా, భయాన్నా? తొంభై ఏళ్ల కిందట న్యూయార్క్‌లో ఓ కుర్రాడు దీనికి జవాబు వెతికాడు. పేరు ఆల్బర్ట్‌ ఎల్లిస్‌.

అది 1933 ప్రాంతం. 19 ఏళ్ల ఎల్లిస్‌ తరచూ ఇంటికి దగ్గర్లోని బ్రాంక్స్‌ బొటానికల్‌ గార్డెన్‌కి వెళ్లేవాడు. ఎదురు బెంచీ మీద అమ్మాయి కనిపిస్తే చూడటమే తప్ప నోరు విప్పింది లేదు. చివరికి తనకు తనే హోంవర్కు పెట్టుకున్నాడు. నెల రోజులపాటు, ఒంటరిగా కూర్చున్న అమ్మాయి ఎవరు కనిపించినా వెళ్లి అదే బెంచీ మీద కూర్చోవాలి. నిమిషంలోగా మాట కలపాలి. సాకులు చెప్పకూడదు.

మొత్తం 130 మంది. 30 మంది వెంటనే లేచి వెళ్లిపోయారు. మిగిలిన 100 మందితో పూల గురించో, పక్షుల గురించో, పుస్తకాల గురించో కబుర్లు చెప్పాడు. మళ్లీ కలుద్దామంటే సరేనన్నది ఒక్కరే. ఆమె కూడా రాలేదు!

లెక్కప్రకారం ఫలితం సున్నా. కానీ ఎవరూ పోలీసుల్ని పిలవలేదు, కొంపేమీ మునగలేదు. ‘కాదంటే ఇంతేనా’ అనిపించింది. భయం సడలింది. ఆ కుర్రాడే పెద్ద సైకాలజిస్టు అయ్యి, 1955లో ‘రేషనల్‌ థెరపీ’ని తీసుకొచ్చాడు. అరటిపండుకి తాడు కట్టి కుక్కపిల్లలా వీధిలో నడిపించమని బిడియస్తులకు హోంవర్కు ఇచ్చేవాడు. నలుగురూ నవ్వితే నవ్వనీ!

ఈ బాధ ఏ కొందరిదో కాదు. 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌ యూనివర్సిటీ ప్రొఫెసర్‌ ఫిలిప్‌ జింబార్డో బృందం అడిగితే దాదాపు 40 శాతం మంది తాము బిడియస్తులమనే చెప్పారు.

అయితే, లేచి వెళ్లిపోయిన ఆ 30 మందినీ మర్చిపోకూడదు. వాళ్లు ఇచ్చిందీ జవాబే. వద్దన్న మనిషి వెంటపడటం ధైర్యం కాదు, వేధింపు. పలకరింపుకీ చోటు చూసుకోవాలి. లైబ్రరీ, ఆఫీసు క్యాంటీన్‌, బంధువుల పెళ్లి... మాట సహజంగా కలిసేచోట మొదలుపెట్టడం మేలు.

కాబట్టి ఆ నలుగురూ కొత్త చొక్కాలు తొడుక్కోవచ్చు, తప్పులేదు. కాకపోతే రాత్రి గదికి చేరాక ఒకరినొకరు అడగాల్సింది ‘ఎవరైనా ఔనన్నారా?’ అని కాదు...

‘ఇవాళ ఎవరితో మాట్లాడావ్‌?’ అని!