మార్చదగిన స్ట్రింగులు

జావాలో స్ట్రింగ్‌ను ఒకసారి తయారుచేశాక మార్చలేమని మీకు తెలుసు. మార్చదగినవి రెండున్నాయి: 1996లో వచ్చిన స్ట్రింగ్‌బఫర్, 2004లో వచ్చిన స్ట్రింగ్‌బిల్డర్.

రెండింటి కన్‌స్ట్రక్టర్లూ ఒకే తీరున పనిచేస్తాయి. ఏమీ ఇవ్వకపోతే 16 సంకేతాలకు చోటు ఏర్పడుతుంది. సంఖ్య ఇస్తే అంత చోటు ఏర్పడుతుంది. "రాము" అని ఇస్తే, గుణింతపు గుర్తులతో కలిపి 4 సంకేతాలు, అదనంగా 16, మొత్తం 20.

ఒక విషయం గమనించండి. ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య 'అ' అని ఇస్తే, జావా దానిని యూనికోడ్ సంఖ్య 3077గా తీసుకుంటుంది. చోటు ఏర్పడుతుంది గాని అక్షరం చేరదు, తప్పు కూడా చూపదు. కనుక జంట గుర్తులే వాడండి.

ఈ రెండు క్లాసులకూ చార్‌సీక్వెన్స్ అనే ఉమ్మడి ఇంటర్‌ఫేస్ ఉంది. ఆ రకాన్ని స్వీకరించేలా మెథడ్ రాస్తే, దానికి రెండింటిలో దేనినైనా ఇవ్వవచ్చు.

ప్రశ్న: "సీత" అని ఇస్తే ఎన్ని సంకేతాలకు చోటు ఏర్పడుతుంది?
జవాబు: 19.